రెండోసారికీ మూడోసారికీ నడుమ

నేను చాలా ఏళ్లు ఇంగ్లీషు టీచరుగా పనిచేశాను. ఎనిమిదో తరగతి వాచకంలో ఒక పాఠం చివర కొత్త మాటలకు అర్థాలిచ్చేవాళ్లు. వాటిలో ఆక్షన్ అనే మాట ఒకటి. ఎక్కువ ధర ఇస్తామన్నవాళ్లకు నలుగురిలో వస్తువును అమ్మడం అని దానికి అర్థం రాసి ఉండేది. అందులో తప్పేమీ లేదు. వేలంపాట అని బోర్డు మీద రాసేస్తే ఒక్క నిమిషం పని. నేను మాత్రం ఆ మాట దగ్గరికి రాగానే సుద్దముక్క కింద పెట్టి, గ్లాసెడు నీళ్లు తాగి, దాని కింది మాటకు వెళ్లిపోయేదాన్ని. ఎవరో ఒక పిల్ల ఊరుకోదు కదా.

"టీచర్, ఆక్షన్ వదిలేస్తిరి."

"అది మీకు తెలిసిందే. ఇంటికాడ అడుక్కోండి" అని కసిరేదాన్ని.

ఆ పిల్లలకేం తెలుసు పాపం. నాకు ఆ మాట మీద కోపం. నా మీద నాకున్న కోపమే దాని మీద చూపించేదాన్నని ఇప్పుడు అనిపిస్తుంది.

మా నాయన చిత్తూరు బెల్లం మండీలో వేలం వేసేవాడు. మండీ ఆయనది కాదు, బెల్లమూ ఆయనది కాదు. గొంతు ఒక్కటే ఆయనది. పొద్దున ఏడు కొట్టేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు వచ్చేవి. రేకుల కప్పు కింద రైతులు బెల్లాన్ని రాసులు పోసేవాళ్లు. వ్యాపారులు ఒక్కో రాశి దగ్గరా ఆగి, చిన్న పలుకు విరిచి నోట్లో వేసుకుని, తల ఊపకుండా, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా నిలబడేవాళ్లు. మా నాయన రాశి పక్కన నిలబడి ధర ఎత్తేవాడు. ఒకరు పెంచితే ఇంకొకరు పెంచేవారు. ఇక ఎవరూ పెంచని చోట "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అనేవాడు. మూడోసారి అన్నాక సరుకు వాళ్లదే. ఇంక దేవుడు దిగివచ్చినా మారదు.

అందరు వేలంవాళ్లూ చేసే పనే ఇది. మా నాయనకు మాత్రం ఒక అలవాటు ఉండేది. ఒకటోసారి అని చప్పున అనేసేవాడు. రెండోసారి అని ఆగిపోయేవాడు. ఊరికే ఆగడం కాదు, చుట్టూ నిలబడిన ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ ఆగేవాడు. రైతు ఊపిరి బిగబట్టి చూస్తుండేవాడు. వ్యాపారులకు ఒళ్లు మండేది.

"ఏమప్పా, మూడోది మర్సిపోయినావా? రాసియ్యమంటావా కాగితంలో?" అని ఎగతాళి చేసేవాళ్లు.

మా నాయన నవ్వేవాడే కానీ తొందరపడేవాడు కాదు. అట్లా ఆగినప్పుడు ఎవరో ఒకరు మనసు మార్చుకుని ఇంకొక్క రూపాయి పాడేవారు. ఆ రూపాయి కోసమే ఆగేవాడు. అందులో ఆయనకు వచ్చేదేమీ లేదు.

సెలవురోజుల్లో అన్నం క్యారియరు ఇవ్వడానికి నేను మండీకి వెళ్లేదాన్ని. ఒకసారి అడిగాను, ఎందుకు నాయనా అంతసేపు ఆగుతావని.

"మూడోసారి అనేసినాక ఏముండాదమ్మా ఇంగ? అనల్లనుకున్నోడు గూడా నోరు మూసుకోవాల్సిందే. శానామందికి మాట నోటికాడికి వచ్చి నిలబడిపోతాది. బయటికి రాను రవ్వంత సేపు పడతాది. ఆ రవ్వంత సేపు మనం ఇయ్యల్ల" అన్నాడు.

మా వైపు వేలాన్ని యాలం అంటారు. యాలంపాట. ధర చెప్పడాన్ని పాడడం అంటారు. చెప్పించేవాడు పాడిస్తాడు. మా ఇంట్లో మాటలన్నీ అవే. అమ్మ "మీ నాయన పాటకు పోయినాడు" అనేది. సాయంత్రం నాయన వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే "ఈ పొద్దు పాట ఎట్ల పోయింది?" అనేది. రేడియోలో వచ్చేదాన్ని కూడా పాట అంటారని నాకు తెలియక కాదు. కానీ మా ఇంట్లో పాట అంటే ముందు బెల్లం వాసనే వచ్చేది.

నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా బడికి కొత్త ఇంగ్లీషు టీచరు వచ్చింది. డెబ్బైల చివరి రోజులవి. ఆమెది తిరుపతి. వైష్ణవుల ఇంటి పిల్ల, వాళ్ల నాన్న గుడి సేవలో పాశురాలు చదివేవాడట. సన్నగా, తెల్లగా, నుదుట సన్నటి బొట్టుతో, ఒక్కరినీ కొట్టకుండా పాఠం చెప్పే మొదటి టీచరు మాకు ఆమే. ఆమె దగ్గర మంచి అనిపించుకోవాలని నాకు తెగ తపనగా ఉండేది.

ఒకరోజు మీ నాన్నగారి గురించి పది వాక్యాలు ఇంగ్లీషులో రాసుకురమ్మంది. నేను రాత్రంతా తంటాలు పడ్డాను. యాలానికి ఇంగ్లీషులో ఏమంటారో తెలియదు. మండీకి ఏమంటారో తెలియదు. ఇంట్లో డిక్షనరీ లేదు. తెలిసిన మాటలతోనే గట్టెక్కాను. మై ఫాదర్ గోస్ టు సాంగ్ ఎవ్రీ మార్నింగ్ అని మొదలుపెట్టాను. ఒక పెద్ద హాలులో పెద్దపెద్దవాళ్లు మా నాయన ముందు నిలబడి పాడతారని, ఒకరు పాడితే ఇంకొకరు అంతకంటే పైకి పాడతారని, ఎవరి పాట అన్నిటికంటే పైకి పోయిందో మా నాయనే తేల్చి చెబుతాడని, ఆయన మాటకు తిరుగు లేదని రాశాను. రాసుకుని చదువుకుంటే నాకే గర్వంగా అనిపించింది. ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు.

మరునాడు టీచరు నా పుస్తకం చేత్తో పట్టుకుని వచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి.

"మీ నాన్నగారు పాట పాడిస్తారా?"

"అవును టీచర్."

"పెద్దవాళ్లు కూడా వచ్చి పాడతారా?"

"వేలూరు నుంచి గూడా వస్తారు టీచర్."

ఆమె పరవశించిపోయింది. శనివారం బడి వార్షికోత్సవమని, మీ నాన్నగారిని పిలుచుకురమ్మని, మన పిల్లల చేత కూడా ఒక పాట పాడించమని చెప్పమంది. నేను ఎగురుకుంటూ ఇంటికి పోయి, "నాయనా, శనివారం మా స్కూల్లో నిన్ను పాట పాడించమన్నారు" అన్నాను.

నాకు గానీ, నాయనకు గానీ వేరే అర్థమే తోచలేదు. తోచకపోవడానికి కారణమూ ఉంది. వినాయకచవితి పందిట్లో లడ్డు యాలం పెడితే ఆయన్నే పిలిచేవాళ్లు. చర్చిలో పంట పండగకు గుమ్మడికాయలు, కోళ్లు యాలం పెట్టినా ఆయన్నే పిలిచేవాళ్లు. అన్నీ ఊరికే చేసి వచ్చేవాడు. బడివాళ్లు కూడా ఏదో పెట్టుంటారనుకున్నాడు.

"ఏం సరుకంట?"

"తెల్దు నాయనా."

"సరేలే, ఆడికి పోయినాక సూసుకుందాం" అన్నాడు.

శనివారం మండీ నుంచి పెందలాడే వచ్చేశాడు. మంగలి దగ్గరికి పోయి గడ్డం చేయించుకున్నాడు. మెడమీది బెల్లం జిగురు పోవడానికి అమ్మ రెండు చెంబులు వేన్నీళ్లు ఎక్కువ పోసింది. చలవ పంచె కట్టాడు. బయలుదేరేటప్పుడు నా చేతిలో ఒక పావలా పెట్టి, "మీ స్కూలు పండగ గదా, ఏమన్నా కొనుక్కో" అన్నాడు. పావలా అంటే నాకు పెద్ద మొత్తమే. ఐసుపుల్లా, ఇంకేదైనా కూడా వస్తుంది.

బడి హాలు నిండిపోయింది. వేదిక మీద సరస్వతి పటం, పటం ముందు పండ్లు, టెంకాయ. ఒక పక్క హార్మోనియం. ఆరుగురు పిల్లలు రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని వరసగా నిలబడ్డారు. హెడ్‌మిస్ట్రెస్ మైకు ముందుకు వచ్చి, మన విద్యార్థిని తండ్రి, సంగీతం నేర్పే పెద్దమనిషి మన ఆహ్వానాన్ని మన్నించి వచ్చారని, ఇప్పుడు మన పిల్లల చేత ప్రార్థన పాడిస్తారని చెప్పింది. చప్పట్లు కొట్టారు. నాకు అప్పుడు, ఆ చప్పట్ల మధ్యలో, ఎక్కడో ఏదో తప్పు జరిగిందని తెలిసింది. లేచి ఏదైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

నాయన వేదిక ఎక్కి అందరికీ దండం పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. హార్మోనియం వెనక కూడా వంగి చూశాడు.

"కానివ్వండి" అంది మా టీచరు.

"సరుకు యాడుండాదమ్మా?"

మైకు పక్కనే ఉంది. ఆ మాట హాలంతా వినపడింది.

"సరుకేమిటండీ?"

"యాలానికి పెట్టేది అమ్మా. సరుకు లేకుండా పాట ఎట్ల పాడించేది?"

ముందు వరసలో ఒక వ్యాపారి కూతురు లేచి నిలబడి, "ఈయన మా నాయన పోయే మండీలో యాలమాయన మేడం!" అని అరిచింది. అంతే. హాలంతా ఒక్కసారి విరగబడి నవ్వింది. పిల్లలు నవ్వారు, పిల్లల అమ్మలు నవ్వారు, గుమ్మం దగ్గర నిలబడిన ప్యూను కూడా నవ్వాడు. హెడ్‌మిస్ట్రెస్ మాత్రం నవ్వలేదు. "ఎవరి తండ్రమ్మా ఈయన?" అంది మైకులోనే.

నేను ముందు కూర్చున్న పిల్ల వీపు చాటున తల వంచుకున్నాను.

నాయన తెలివితక్కువవాడు కాదు. క్షణంలో అంతా అర్థమైంది ఆయనకు. అట్లాగే దిగి వచ్చేసి ఉండొచ్చు. ఎందుకు రాలేదో నేను చాలాసార్లు ఆలోచించాను. పిలిచినవాళ్ల మర్యాద దక్కించాలనుకున్నాడేమో. నా మర్యాద కూడా. ఆయన సరస్వతి పటం ముందున్న టెంకాయను రెండు చేతులా తీసి కళ్లకు అద్దుకున్నాడు. మైకు నుంచి పక్కకు జరిగి, మండీలో ఎత్తే గొంతుతో ఎత్తుకున్నాడు.

"సరస్వతమ్మ కాడి టెంకాయ! పావలా పాట! పావలా! ఒకటోసారి!"

ఆ గొంతుకు నవ్వులు ఆగిపోయాయి. ఆ గొంతు అట్లాంటిది.

"రెండోసారి!"

ఆగాడు. మండీలో చూసినట్టే వరసగా ఒక్కొక్కరి మొహమూ చూశాడు. టీచర్లను చూశాడు, అమ్మలను చూశాడు, చివరికి మా వరస దగ్గరికి వచ్చి నా మీద చూపు నిలిపాడు. నా పిడికిట్లో పావలా ఉంది. చెమటకు తడిసిపోయి ఉంది. ఆ హాల్లో పావలా ఉందని ఆయనకు కచ్చితంగా తెలిసింది నా ఒక్కదాని దగ్గరే. పావలా అని నేను ఒక్క మాట అంటే చాలు. అంటే అందరూ నవ్వేవాళ్లు, కానీ ఆ నవ్వులో ఆయన కూడా ఉండేవాడు. ఎవరి తండ్రో అందరికీ తెలిసిపోతుందన్న ఒక్క భయంతో నేను నోరు విప్పలేదు. ఆయన ఆగాడు. ఏ బెల్లం రాశికీ ఆగనంతసేపు ఆగాడు.

"మూడోసారి" అన్నాడు ఆఖరికి. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. టెంకాయ తీసినచోటే పెట్టి, హెడ్‌మిస్ట్రెస్‌కు దండం పెట్టి దిగిపోయాడు.

సభ అయ్యాక బయటికి వస్తే గేటు దగ్గర నాకోసం నిలబడి ఉన్నాడు. అమ్మయితే వీపు చిట్లగొట్టేది. ఆయన నా పక్కనే నడిచాడు. సగం దారి వచ్చాక అడిగాడు.

"యాలాన్ని ఇంగ్లీషులో ఏమంటారమ్మా?"

"తెల్దు నాయనా. టీచర్ని అడిగి చెప్తా."

ఇంట్లో అమ్మ ఎప్పటిలాగే అడిగింది, పాట ఎట్లా పోయిందని. "బాగనే పోయింది" అన్నాడు. పంచె విప్పి మడత పెట్టుకున్నాడు. నేను గోడకు తిరిగి పడుకున్నాను.

సోమవారం టీచరు నన్ను స్టాఫ్ రూముకు పిలిచింది. మొదట కోపంగానే ఉంది. హెడ్‌మిస్ట్రెస్ ఆమెను ఏమందో ఏమో. నా పుస్తకం తెరిచి, సాంగ్ అని నేను రాసిన చోటల్లా ఎర్ర సిరాతో కొట్టేసి పైన ఆక్షన్ అని రాసింది. పదిచోట్ల రాసి ఉంటుంది. రాసి రాసి కలం కింద పెట్టింది.

"నేనూ తెలుగుదాన్నే కదే. నువ్వు రాసిన ఇంగ్లీషులో తెలుగు నాకు వినపడి ఉండాల్సింది. మీ నాన్నగారికి నా తరఫున చెప్పు, క్షమించమన్నానని" అంది.

క్షమాపణ సంగతి నేను నాయనకు చెప్పలేదు. ఆ రోజు మాట మళ్లీ ఎత్తడానికి నాకు నోరు రాలేదు. ఆ ఇంగ్లీషు మాట మాత్రం చెప్పాను.

"ఆక్షన్ అంటారంట నాయనా."

"యాక్షనా? సినిమాలో ఫైటింగ్ మాదిరా?"

"అది గాదు. ఆక్షన్."

రెండుమూడుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. "దాంట్లో పాట యాడుండాది?" అన్నాడు.

"లేదు నాయనా. అమ్మేదే ఉంది."

"పాట లేకుండా ఎట్ల అమ్ముతారో వాళ్లు" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి అన్నీ మరిచిపోయాడనుకున్నాను. నాకు కావలసింది కూడా అదే. ఆ పావలా ఏం చేశానో గుర్తులేదు. ఐసుపుల్ల కొనుక్కునే ఉంటాను.

పట్టుదలకో, పాపభయానికో నేను ఇంగ్లీషే చదివాను. తిరుపతిలో డిగ్రీ చేశాను, బి.ఎడ్. చేశాను, అక్కడికి దగ్గర్లోనే ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. నాయన మండీలో అందరికీ "నా కూతురు ఇంగ్లీషులో పాడిస్తాది" అని చెప్పుకునేవాడట. ఎవరో చెబితే విన్నాను. విని ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

ఎనభైల చివర్లో ఆయన గొంతు బొంగురుపోవడం మొదలైంది. అరిచే గొంతు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. మిరియాల పాలు తాగాడు, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాడు. వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయేసరికి లోపల గడ్డ పెద్దదైపోయింది. ఆపరేషన్ చేసి గొంతు తీసేశారు. ప్రాణం ఉండింది, మాట పోయింది. మండీలో ఇంకొకర్ని పెట్టుకున్నారు. ఆ కుర్రాడు ఒకటి రెండు మూడు ఒక్క ఊపిరిలో అనేస్తాడని, వ్యాపారులకు హాయిగా ఉందని, రైతులు మాత్రం మా నాయన్ను తలుచుకుంటున్నారని చిన్నాయన వచ్చి చెప్పేవాడు. మా నాయనకు తోడబుట్టినవాడు ఆయనొక్కడే. నాయన విని తల ఊపేవాడు.

ఆ తరువాత ఏడాది బతికాడు. అన్నీ చేతి వేళ్లతోనే చెప్పేవాడు. నీళ్లకు ఒక వేలు. ఆగమనడానికి రెండు వేళ్లు. అమ్మ ముద్ద తొందరగా పెడితే రెండు వేళ్లు. నేను ఆదివారం వచ్చి సాయంత్రం బస్సుకు బయలుదేరుతుంటే రెండు వేళ్లు. "బస్సు పోతాది నాయనా, వచ్చే వారం వస్తా గదా" అనేదాన్ని.

ప్రతి ఆదివారమూ చెప్పాలనే వచ్చేదాన్ని. నాయనా, ఆ రోజు నా చేతిలో పావలా ఉండింది, నేను పలకలేదు అని. అంతే, ఇంతకంటే లేదు చెప్పడానికి. మంచం పక్కన కూర్చుంటే మాట నోటిదాకా వచ్చేది. ఆయనకు మాట పోయాక నేను మాట్లాడి ఏడిపించడమెందుకులే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. పిరికిదాన్ని, ఇంకేమీ కాదు. పదమూడేళ్లప్పుడు ఎట్లా ఉన్నానో అట్లాగే ఉన్నాను.

ఒక గురువారం బడికి కబురొచ్చింది. నేను వచ్చేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. పాడె సిద్ధం చేస్తున్నారు. మా ఇంట్లో మగపిల్లలు లేరు, చిన్నాయనే కొరివి పెట్టాలి. శ్మశానం దారిలో ఒకచోట పాడె దించుతారు. దింపుడు కల్లం అంటారు దాన్ని. అక్కడ అయినవాళ్లు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతుందని. ఆడవాళ్లను అక్కడికి రానివ్వరు. వీధి చివరిదాకా పోయి ఆగిపోవాలి.

వీధి చివర నేను చిన్నాయన చేయి పట్టుకున్నాను.

"చిన్నాయనా, ఆడ పిలుస్తావు గదా. రెండోసారి పిలిచినాక కొంచేపు ఆగు. వెంటనే మూడోసారి పిలవొద్దు."

ఎందుకని ఆయన అడగలేదు. మా నాయన పాట ఆయన విననిదా.

మధ్యాహ్నం తిరిగి వచ్చి, స్నానం చేసి, తడిబట్టలతోనే నా దగ్గరికి వచ్చాడు చిన్నాయన.

"ఆగినానమ్మా. మోసినోళ్లు ఎండకు తాళలేక గొణుగుతా ఉండ్రి. అయినా ఆగినాను. శానాసేపు ఆగినాను" అన్నాడు. "పలకలేదమ్మా."

ఆయన ఎట్లా పలుకుతాడు చిన్నాయనా, అందామనుకున్నాను. పలకాల్సింది నేను.